అర నూలు తేడా

నకిరేకల్‌ల పాత సామాన్ల కొట్టుల
తూకానికి కొన్న మ్యానిఫోల్డు ఇది,
డెబ్బై తొమ్మిది మోడల్‌ది.
దీన్ని తొడుక్కోవాల్సిన బండేమో
అరవై నాలుగు అంబాసిడర్.
రంధ్రాలు రంధ్రాల మీద సక్కగ కూసున్నయి,
నట్లు ఏళ్లతోటే దిగినయి.
ఇంకేంది, అయిపాయె అనుకున్న.

"అయిపాయె అనుకుంటే స్టార్ట్ చెయ్యి"
అన్నడు ముత్తిలింగం మేస్త్రి.

మేకకు దగ్గు లేచినట్టు లేచింది,
పడ్డది, మళ్ల లేచింది.
కార్బరేటర్ స్క్రూ బిగిస్తే ఒక తీరు, ఇడిస్తే ఒక తీరు,
నిలకడ లేదు.

మేస్త్రి వంగి చూడలేడు.
మర్రిగూడ బోరునీళ్లు ఆయన మెడను
వెన్నుకు వెల్డింగ్ చేసినయి.
పక్కకు చూడాల్నంటే మొత్తం మనిషే తిరగాలె,
ఇరుకు సందుల లారీ మలిపినట్టు.
అందుకే స్టూలు మీద కూసొని
కండ్లు మూసుకొని
చెవులతోటి ఇంజన్ లోపలికి పోతడు.

"గాలి దర్వాజల నుంచి వస్తలేదు.
గోడకు కన్నం బడ్డది, యాడనో చూడు."

సబ్బు నురుగు పూసిన.
అంచు పొంటి నాలుగు కాడ నురుగును లోపలికి గుంజుకున్నది,
స్‌స్‌ మని.

ప్యాకింగ్ షీటు పెట్టి గుండు సుత్తెతో
అంచులెంబడి తట్టి తట్టి కొత్తది కోసిన.
అద్దం పలక మీద ఎమెరీ కాయిదం పరిచి
మూతిని ఎనిమిది అంకె తిప్పుకుంట రుద్దిన.
పొద్దు లతీఫ్ సాబ్ గుట్ట ఎనుకకు పోయింది.
మళ్ల బిగించిన.
మళ్ల గదే స్‌స్‌.

"యాడికి పోతవు సాబ్ దీన్నేసుకొని?" అని అడిగిన
కమ్రుద్దీన్ సాబ్‌ను, కోపం ఆయన మీద తీసి.
పద్నాలుగేండ్లు సేటు దగ్గర కిరాయికి తోలిన బండి,
ఇప్పుడు సొంతానికి కొన్నడు.
"యాడికో ఎందుకు, మొదలు నీ షెడ్డు దాటనియ్యి."

"గొట్టాన్ని ఎంతసేపు చూస్తవ్?" అన్నడు మేస్త్రి, కండ్లు తెరవకుంటనే.
"పక్కన ఎవడున్నడో చూడు."

పక్కన పొగ గొట్టం. పాతదే, తీయలేదు.
గాలి గొట్టం రెక్కకూ పొగ గొట్టం రెక్కకూ
ఒకటే స్టడ్డు, మీద ఒకటే వాషర్.
కొత్తదాని రెక్క అర నూలు పల్చన.
వాషరేమో మందపుదాని మీద బరువంతా ఏసి
పల్చనిదాన్ని ఉత్తగ తాకుతున్నది,
మర్యాదకు చెయ్యి కలిపినట్టు.

అర నూలు మందం ఏం దొరుకుతది ఈ రాత్రి?
కట్ట సిగరెట్ పెట్టెల అట్ట కాలిపోతది,
డబ్బా రేకు మరీ పల్చన.
ఎనుక సీటు లేపి రెంచీ ఎతుకుతుంటే
దుమ్ముల, పల్లికాయ పొట్టుల
రెండు ఇరవై పైసల ఇత్తడి బిళ్లలు,
పువ్వు బొమ్మవి.
గోరుతోటి మందం చూసిన.
సరిగ్గ.

హాక్సాతో సగానికి కోస్తే నాలుగు నెలవంకలు.
వాషర్ల కింద, పల్చని దిక్కు, ఒక్కొక్కటి.

ఇంజన్ సప్పుడు మారింది.
నీడకొచ్చిన బర్రె నెమరేస్తున్నట్టు ఉన్నది.
మేస్త్రి కండ్లు తెరిచిండు.

కమ్రుద్దీన్ సాబ్ సంతోషపడలేదు.
బెంచి మీది ఇత్తడి పొడి ఏలితో అద్ది చూసుకుంటున్నడు.
"నలభై పైసలు," అన్నడు.
"గడియారం కాడ గివిటి కోసమే ఒకాయన కాలర్ పట్టిన.
ఇచ్చిన అంటడు, ఇయ్యలే అంట నేను.
పదిమంది ముందట కండువా గుంజిన.
ఇచ్చిండన్నట్టు, పాపం."

"తీసెయ్యాల్నా సాబ్?"
"వద్దు, ఉండనియ్యి.
కనగల్లాయన. ఇల్లు గుర్తుంది."

దేవరకొండ రోడ్డు మీద ఎర్ర లైటు చిన్నగైతుంటే
ముత్తిలింగం మేస్త్రి స్టూలుతో సహా తిరిగి
చెవి పెట్టి విన్నడు.
"మూడో గేరుల ఇంక జర గుంజుతున్నది," అన్నడు,
"పొద్దుగాల రమ్మను."