పన్నెండో గదిలో పోటు

మంగళవారం దాకా విల్ఫ్ గారు
పేపర్లో గుర్రాల పేర్లు చదివి పెన్సిలుతో సున్నాలు చుట్టేవారు.
గురువారం రాత్రి నేను డ్యూటీకి వచ్చేసరికి
మంచం మీద లేచి నిలబడబోతూ
"తాడు వదలకు, ఆర్థర్!" అని అరిచారు.

ఆర్థర్ ఎవరో నాకు తెలీదు.
నా బ్యాడ్జీ మీద నూకరత్నం అని ఉంటుంది.
గ్రిమ్స్‌బీ నోళ్లకి అంత బరువు మొయ్యలేక నూకా అంటారు.
ఆ రాత్రికి ఆర్థర్‌నయ్యాను.

కిటికీ అవతల కార్ పార్కు,
దాని వెనక చీకటి, చీకటి వెనక ఎక్కడో హంబర్.
ఆయనకి మాత్రం తివాచీ మీదే మోకాలి లోతు నీళ్లు.
దుప్పటి అంచుని వేళ్లు ఊరికే ఉండనివ్వవు,
లాగుతాయి, మడుస్తాయి, లేని పోగుని ముడేస్తాయి.
భీమిలిలో మా అయ్య వేళ్లూ అంతే,
చూపు ఎటున్నా కన్ను వెంట కన్ను అల్లేవి.

"వయసైపోయింది, ఇంక ఇంతే" అన్నాడు డారెన్,
పగటి డ్యూటీ నాకు అప్పగించి కోటు తొడుక్కుంటూ.
ఇంక ఇంతే! ఎంత తేలిక మాట.
మతిమరుపు ఇలా రాదయ్యా.
అది పాటు. ఏళ్ల తరబడి ఒడ్డుని వదిలి వెనక్కి జరుగుతుంది.
ఇది పోటు. రెండు రాత్రుల్లో గుమ్మం ఎక్కేసింది.

బల్ల మీద మూడు కప్పుల టీ, మూడింటి మీదా తొరక.
ప్యాడ్ మారుస్తుంటే ముదురు రంగు, ముక్కు పట్టేసే వాసన.
పొత్తికడుపు తగిలితే మొహం ముడుచుకుంది.
జ్వరమా, చెప్పుకోదగ్గంత లేదు.
ఈ వయసులో ఒళ్లు తన మంట సంగతి
ఒంటికి చెప్పదు, తలకి చెబుతుంది.

కింద ఎక్కడో, పైకి అనడానికి సిగ్గుపడే చోట
కంటికి కనపడని పురుగు కాపురం పెడితే
పైన మేడలో దీపాలు అటూ ఇటూ అయిపోతాయని
మా ట్రైనింగులో ఒక స్లైడు ఉంది.
ముప్పై సెకన్లు.

సీసా పట్టుకుని "పడవ అంచుకి రా, విల్ఫ్" అన్నాను.
నవ్వారు. వచ్చారు.
మూత బిగించి పేరు రాశాను, పుట్టిన తేదీ,
టైము నాలుగూ ఇరవై.
రాత్రి డాక్టరు లైన్లో సంగీతం వాయిస్తూనే ఉంది.

అప్పుడు నా మణికట్టు పట్టుకున్నారు.
"ఆ తాడు తెగలేదు, ఆర్థర్.
నేనే కోశాను.
కొయ్యకపోతే పడవ తిరగబడేది.
ఆ కొసని మీ తమ్ముడున్నాడు.
ఉన్నాడని చూసే కోశాను."

ఆర్థర్ ఏమంటాడు?
వాడి బదులు క్షమించడానికి నేనెవర్ని,
గంటకి పన్నెండు పౌండ్ల చిల్లరకి వచ్చినదాన్ని.
గ్లాసు అందించాను. "తాగు" అన్నాను.
తాగారు.
మూడు రోజుల్లో మొదటి నిండు గ్లాసు.

మందు మొదలయ్యాక ఆదివారం సగం నీరు దిగింది.
సోమవారం "నూకా, నా పెన్సిలేది?" అని గొంతు.
"మధ్యలో తిక్కతిక్కగా ఏమైనా వాగానా?"
"గుర్రాల గురించి" అన్నాను.
"ఏది గెలుస్తుందన్నాను?"
"అది మాత్రం చెప్పలేదు."
హమ్మయ్య అన్నట్టు సున్నా చుట్టారు.

చార్టు నింపాను.
తాగినది: పదహారు వందల మిల్లీలీటర్లు. మాట: స్పష్టం.
ఆర్థర్‌కి అందులో గడి లేదు.

లాండ్రీ సంచిలో వేసేముందు చూశాను,
దుప్పటి అంచున ఒక్క ముడి నిజంగానే పడి ఉంది,
గట్టిగా, తడిలో కూడా జారని రకం.
అది విప్పడం నాకు వచ్చు, మా అయ్య నేర్పాడు.
అలాగే వేసేశాను.