చిరుగులు

జూలై నెలాఖరు. ఫారంలో ఆరు గడులు.
మొదటి గడిలో ఏ ఊరు రాయాలో తేలక
పెన్సిలు కొస కొరుకుతూ కూర్చున్నాను.
మా ఫాయల్ దీవిలో కిటికీ తీస్తే
నీళ్లకు అవతల పీకూ కొండ.
నెత్తిన మబ్బు టోపీ పెట్టిందంటే వాన.
అంత తేలిగ్గా కనబడే గుర్తు
కాలేజీలకు లేదు.

కొయింబ్రాలో ఒక రాత్రి ఉన్నాను.
అక్కడ బురుజుమీది గంటను మేక అంటారు.
దాని అరుపుకి వెనకటి విద్యార్థులు తిట్టుకుంటూ లేచేవారట.
ఇప్పటివాళ్లు వినిపించుకున్నట్టే లేదు.
వంటింట్లో పదకొండుమంది, ఒక్కటే బాణలి.
అంట్లు తోమే వంతు ఎవరిదో తేలక
పాట ఎత్తుకున్నారు.
లొరేన్సో తన నల్ల శాలువా పరిచి
అంచున చిరుగులు ఒక్కొక్కటే చూపించాడు:
ఇది మా అమ్మ చింపింది, పళ్లతో,
ఈ నాలుగూ స్నేహితులు,
ఇదా... ఇది చెప్పను.
"మూడేళ్ల చదువు. నాకు ఐదోది నడుస్తోంది."
అందరితో పాటు నేనూ నవ్వాను.

తెల్లవారుజామున మంచినీళ్లకని లేస్తే
మెట్లమీద అతనే.
మోకాలిమీద ప్రశ్నపత్రం, మడతలు చిరిగేదాకా మడిచినది.
మూడోసారి తప్పాడట. ఇంట్లో తెలియదట.
పొద్దున్నే వెళ్లిపోయే మనిషిని కనుక
నాతో అన్నాడు.

లిస్బన్‌లో ఎవరూ పాడలేదు.
లైబ్రరీ రాత్రంతా వెలుగుతూనే ఉంది, ఆసుపత్రిలా.
కుర్చీలకు కోట్లు.
కోట్ల తాలూకు మనుషులు కాఫీ యంత్రం ముందు,
నిలబడే కునుకు.
మార్కుల జాబితా గాజు పలక వెనక అంటించారు.
గాజు నిండా వేలిముద్రలు,
కింది వరసల దగ్గరే ఎక్కువ.

ఊరు చూపిస్తానన్న బెనెదీత
నడుస్తూ తింటుంది, తింటూ లెక్కలు చెబుతుంది.
"ఏడుస్తావా?" అనేశాను, ఆలోచించకుండానే.
"గురువారాలు," అంది. హాస్యానికి కాదు.
"ఆ రోజు ప్రయోగశాల ఏడింటిదాకా.
నొయేమియా కూడా ఏడుస్తుంది. ఒకే బల్ల మాది.
రుమాలు ఒకటే తెచ్చుకుంటాం."

ఇంటికొచ్చి కాగితం మధ్య గీత గీశాను.
గది అద్దె ఇటు, అటు.
బస్సు, తిండి, తప్పేవాళ్ల శాతం.
నవ్వుకి ఒక వరస, నిద్రకి ఒక వరస.
మెట్లమీది కుర్రాడు ఏ పక్కకి వస్తాడో
రుమాలు ఏ పక్కకి వస్తుందో
ఎంతకీ పొసగలేదు.

మొదటి గడిలో లిస్బన్ అని రాశాను.
ధైర్యమని అనుకోకండి.
అక్కడ ఏడుపుకి ఒక వారం ఉంది, పక్కన ఒక మనిషి ఉంది.
అన్ని చిరుగులు పెట్టినవాళ్లుండీ
అతను మెట్లమీద ఒక్కడే.

ఇలా అనుకోవడం తప్పేమో కూడా.
ఒక్క రాత్రిలో ఒక ఊరు ఏం తెలుస్తుంది?
రాసింది పెన్సిలుతోనే.
బెనెదీతకి చెబుదామని ఫోన్ చేశాను,
మోగి మోగి ఆగిపోయింది.
ఇవాళ గురువారం.

కొండ టోపీ తీసేసింది.
అంటే వాన రాదని.
అంతే.