చాయ్ తాగిన జీపు

పదకొండేండ్లు ఆటో నడిపిన.
గ్యాసు వాసన నాకు ఇంటి వాసనే,
కుళ్లిన ఎల్లిగడ్డ లెక్క, జర సల్లగ.
గందుకే జిలానీ చాచా నన్ను పక్క సీట్ల కూసోబెట్టుకున్నడు.
"నువ్వు తొవ్వ సూడకు ఐలేషూ,
తొవ్వ నేను సూస్త.
నువ్వు ఇను."

ముషీరాబాద్ల ఆయన దుకానం.
ఆటోలకు గ్యాసు కిట్లు కట్టీ కట్టీ
గోర్లు నల్లవడ్డ చేతులు
వేలంల దొరికిన ముసలి జీపుకు
మూడు నెలలు రాత్రిపూట కట్టినయ్.
టాంకి ఎట్ల పెట్టాలె అన్నదాని మీదనే నెల పోయింది.
"బండి ముక్కు పైకి లేస్తే
లోపలి గ్యాసు ఎనక్కి జారాలె,
జారి గొట్టం నోట్లనే పడాలె,
పోరనికి పాలసీస పట్టినట్టు."
బీడీ గల్లీ అవతల ఆర్పొచ్చి
సబ్బు నురుగు పూసి
ఒక్కొక్క జాయింటు కాడ బుడగ కోసం కూసునేటోడు.
బుడగ రాకుంటె నమ్మేటోడు కాదు,
ఇంకోపారి పూసేటోడు.

ఘట్‌కేసర్ దాటినంక
ఇడిసిపెట్టిన కంకర క్వారీల పోటీ.
మే నెల. బండలు పెనం లెక్క కాలుతున్నయ్.
ఇరవై మూడు బండ్లల్ల గ్యాసుది మాదొక్కటే.
"ఏం కూర వండుతున్నరు కాకా?" అన్నడొకడు,
ఫాంహౌజు పోరడు, బూట్లకు ఇంకా దుమ్ము అంటలే.
"దమ్ మీదుంది బేటా" అన్నడు చాచా,
"మూత తియ్యకు."

మూడో ఎక్కుడు కాడ
పెట్రోలు బండ్లు ఒక్కొక్కటి దగ్గి ఆగినయ్.
కార్బురేటర్ల ఒక గిన్నె ఉంటది,
ఒరిగితే ఒలుకుతది,
చారు గిన్నె ఎత్తుకొని మెట్లెక్కినట్టే.
గాలికి ఒరుగుడేంది?
మేం పోయినం.
అద్దంల మొత్తం ఆకాశమే,
నా ఈపు సీట్లకు దిగింది,
ఇంజను మాత్రం చిక్కడపల్లి సిగ్నల్ కాడ నిలవడ్డట్టు
టక్ టక్ టక్,
తనకేం తెల్వనట్టు.

దిగేటప్పుడు
సూదిమొన రాయి ఒకటి రేడియేటర్ పైపును కోసింది.
నాకు తెల్వదు. నేను ఇన్నదల్లా
ఒక్క టక్ తక్కువైంది.
"చాచా, ఊపిరి చిన్నగైతుంది."

బానెట్ ఎత్తితే
నలభై మూడు డిగ్రీల ఎండల
కన్వర్టర్ మీద మంచు.
తెల్లగ, ఫ్రిజ్జు లోపలి గోడ లెక్క.
వేలు పెడితే అతుక్కుంది.
టాంకిల నీళ్ల లెక్కున్నది గాలి కావాలంటే వేడి కావాలె,
ఆ వేడి రేడియేటర్ నీళ్లు మోసుకొస్తయ్,
ఆ నీళ్లేమో బండల మీద పడి
అప్పటికే ఆరిపోయినయ్.

పాత ట్యూబు రబ్బరు సుట్టి పైపు కట్టిండు.
మా తాగే నీళ్లన్నీ దాంట్ల పోసిండు.
ఐసు గడ్డలేసుకొచ్చిన నీళ్లు.
మంచు ఇంచు కదలలే.

ఇగ మిగిలింది ఫ్లాస్కు.
పొద్దుగాల హోటల్ల నింపించుకున్న ఇరానీ చాయ్,
ఆయన రోజంతా గుటక గుటక తాగేది.
ఫ్లాస్కు దిక్కు సూసిండు. నా దిక్కు సూసిండు.
"సగం" అన్నడు.
మొత్తం పోసిండు.

బుస్సుమని పొగ.
పాలు మాడిన వాసన, ఎల్లిగడ్డ వాసన లేకుంట.
నేను ముక్కు పెట్టి రెండుసార్లు సూసిన.
మంచు పెచ్చు లెక్క ఊడింది.
టక్.
చాలాసేపు ఏం లేదు.
టక్ టక్.

పదిహేడు నిమిషాలు అక్కడనే పోయినయ్.
తొమ్మిదో నంబరు. కప్పు డీజిలు బండికి.
ఫాంహౌజు పోరడు వచ్చి, వంగి, వాసన సూసి
ఏం అడగాల్నో తెల్వక పోయిండు.

వారమైంది. ఇంజను కాగితే ఇప్పటికీ
దుకానమంతా చాయ్ వాసన.
కడుగుదామంటే చాచా ఇననట్టు తిరుగుతడు.
నిన్న మాత్రం అన్నడు,
వచ్చే పోటీకి రెండు ఫ్లాస్కులని.
"ఒకటి మనకా?" అన్న.

నురుగు చేత్తో తుడుసుకుంట
"సూద్దాం" అన్నడు.