పలక మీద యేరు

పగిలిన పలకొకటి తీసి
సుద్దముక్కతో వంకర గీత గీశాడు దస్తగిరి సారు.
బడి నుంచి రిటైరయ్యి
మా మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తాడాయన.
"ఇదేందో చెప్పు కాశమ్మా."
"జెర్రిపోతా సారూ?"
"డాన్యూబ్. మన పెట్టెలు పొయ్యే యేరు."

పడమట నల్లడవిలో పుట్టి
తూర్పున నల్లసముద్రంలో పడిద్దంట.
నల్లమలలో పుట్టిన మా గుండ్లకమ్మకి
వరసకి అక్కయ్యిద్దేమో అన్నా.
ఆయన నవ్వలా.

పది దేశాలు.
దేశం దాటినప్పుడల్లా పేరు కాస్త నలుగుద్ది:
దోనౌ, దూనా, దూనావ్.
కంభం దాటితేనే మాకు యాస మారుద్ది,
అదేం వింత?

రోమా రాజులు ఆ నీళ్ళనే కంచె అనుకున్నారు,
ఇవతల మేం, అవతల మోటోళ్ళని.
చలికి గడ్డకట్టిన రాత్రి
కంచే వంతెనయ్యింది.

యుద్ధంలో ముంచిన ఓడలు
కరువేడు డొక్కలు బయటేస్తాయి,
కడుపులో పేలని గుండ్లతో.
మా యేటి పేరులోనూ గుండ్లున్నాయి గానీ
అవి బిందె ఆనించుకునేటందుకు.
మా కరువుకి తేలేది
నాసరయ్య పోగొట్టుకున్న మోటారు,
దాని కోసం విడిపోయిన అన్నదమ్ములు.

"లోతెంత సారూ?"
మా వీధి బోరు వెయ్యడుగులు, అందుకడిగా.
ఆయన గీతని వేలితో కొంచెం వెడల్పు చేశాడు, అంతే.

సాయంత్రం పెట్టె కడతా
ఆ పగుల్ది వరిగడ్డిలో దూర్చా.
మేస్త్రి చూస్తే కూలి కోస్తాడు.
ఓడ దిగి, పడవెక్కి,
గీత ఎప్పుడో చెరిగుంటది.
సుద్దపొడి మాత్రం
యేటికి ఎదురు పోతా ఉంటది.