తొమ్మిది పళ్ళ దువ్వెన

పర్లాకిమిడిలో
కొమ్ము బొమ్మల దుకాణం సుభద్రత్తది.
కొత్త కార్డు చేతిలో పెట్టి కుర్రాడు చెప్పాడు:
తొమ్మిది నెలలు వడ్డీ లేదండీ.
ఆ తరవాత? అంది.
వాడు ఒరియాలో నవ్వాడు.

ఆ రాత్రే
గేదెకొమ్ము దువ్వెన ఒకటి తీసి
తొమ్మిది పళ్ళుంచి మిగతావి కోసేసింది అత్త.

సరుకంతా కార్డు మీద కొంది.
గల్లాపెట్టె డబ్బుని
ఇంకో బ్యాంకులో వడ్డీకి పడుకోబెట్టింది.
నెలకో కిస్తీ, నెలకో పన్ను.
టప్.
ఆ చప్పుడికి మామయ్య ఉలిక్కిపడేవాడు.
వాళ్ళ నాన్న నెలకి నూటికి ఐదు చొప్పున
కట్టీ కట్టీ పోయాడు మరి.

ఒంటిపన్ను మిగిలిన నాడు
ఒకటే వాన. మహేంద్రతనయ పొంగింది, కరెంటు పోయింది,
ఫోను చచ్చింది.
గొడుగు మరిచి బ్యాంకుకి పరిగెత్తింది.
మూడింటికల్లా బాకీ తీరిపోయింది.

లాభం పద్దెనిమిది వందల నలభై.
"అప్పు చేసి పప్పు కూడు తిన్నానట్రా?
అప్పునే నానబెట్టి మొలకలు తిన్నాను"
అంది, తడి జుట్టు పిండుకుంటూ.

దువ్వుకుందామని చెయ్యి చాపితే
అందింది ఆ ఒంటిపన్నే.
దాంతోనే
తిన్నగా పాపిడి తీసుకుంది.