చించినాడ దాకా, మళ్ళీ వెనక్కి

నాలుగున్నరకి టైర్లని బొటనవేలితో నొక్కి చూస్తాను,
సంతలో మామిడిపండుని నొక్కినట్టు.
ముందుది గట్టి.
వెనకది రాత్రికి రాత్రి ఏదో దిగులు పెట్టుకుంది.
పంపు కొడుతుంటే పై వాటా అచ్యుతాంబగారు
నిద్రలోంచే అంటారు: "మొదలైంది."

పాలకొల్లు ఇంకా షట్టర్లు ఎత్తలేదు.
ఇడ్లీ బండి దగ్గర ఆవిరి ఒక్కటే లేచింది.
మార్కెట్టు మలుపులో మూడు కుక్కలు.
రెండిటికి నేను అలవాటయ్యాను.
మూడోది కొత్తగా చేరింది, ఉద్యోగం మీద శ్రద్ధెక్కువ.
దిగి నడుస్తాను.
పరువుకంటే పిక్క ముఖ్యం.

ఊరు దాటాక కాలవ పక్కన చేరుతుంది.
లాకులు ఎత్తారు కాబోలు,
ఎర్రనీళ్ళు నాతో పందెం కాసినట్టు వస్తాయి.
ఆకుమళ్ళ వాసన, వెంటనే రొయ్యల చెరువుల వాసన.
చెరువుల్లో ఏరియేటర్లు నురగలు కక్కుతూ
రాత్రంతా కన్ను మూయని వాళ్ళలా.

మాది కొండల్లేని దేశం.
నీళ్ళు కూడా ఎటు పారాలో రెండుసార్లు ఆలోచించే నేల.
మాకున్న ఎక్కుడల్లా వంతెనే.
గేరు దించి, చూపు దించి,
ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా.
కింద వశిష్ఠ ఇంత వెడల్పున ఉందని
ఊపిరి అందాక గాని కనపడదు.

నలభై ఆరేళ్ళదాన్ని,
రిజిస్ట్రారాఫీసులో రోజంతా
జనం చేత వేలిముద్రలు వేయించేదాన్ని,
అరగంటకే వంతెన మీదున్నాను!
ఈ కాళ్ళు నావేనా అని మురిసిపోయాను.

దిండి వైపు కొసన సైకిలు వెనక్కి తిప్పగానే తెలిసింది
ఎవరివో.

ఆషాఢం పడమటి గాలి.
ఇందాక వీపు తట్టింది అదే,
ఇప్పుడు గుండె మీద చెయ్యేసి "ఎక్కడికీ?" అంటోంది.
ట్రాక్టరు ఇనపచక్రాలు వదిలిన మట్టిపెళ్ళలు,
కొబ్బరి లారీ హారను చెవిలో ఉండగానే
ఐసునీళ్ళు చిమ్ముతూ రొయ్యల వ్యాను.
కంట్లో పురుగు.
పంతొమ్మిది, పదహారు, పదమూడు...
హ్యాండిలు మీద అంకె జ్వరం దిగినట్టు దిగుతోంది.

అప్పుడు కనపడ్డాడు, ప్లాస్టిక్ బిందెలాయన.
ఆయన కాదులెండి, బిందెలు.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం,
వలలో బిగించిన ఒక గుడిసెడు.
కింద రెండు మడమలు మాత్రం, చెప్పుల్లేకుండా,
ఒకటి దిగితే ఒకటి లేస్తూ.

వెనక చేరాను.
గాలి ఆగిపోయింది.
తలుపేసిన గదిలోకి వచ్చినట్టుంది.
బిందెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
పాత ఉయ్యాల చప్పుడు.
ఒక కిలోమీటరు. ఇంకొకటి.
నా ఊపిరి నాకు తిరిగొచ్చాక
ఆయన ఊపిరి వినపడింది.

సిగ్గేసి పక్కకొచ్చి ముందుకెళ్ళాను.
"నా ఎనకాల రండి, గాలి కాస్త తగ్గుద్ది."
నా సన్నటి టైర్లనీ, హెల్మెట్టునీ,
పిక్కలకి చుట్టిన చున్నీ లాంటి నన్నూ చూశాడు.
"ఆయ్, మీ ఎనకాలా?
నాకు చాలాలంటే మీలాంటోళ్ళు నలుగురు కావాలండి.
అయినా మీకెందుకండీ ఈ తొక్కుడు,
అమ్ముకోడానికి ఒక్క బిందె కూడా లేదు!"

జవాబుంది.
కాని అది ఎదురుగాలిలో అరిచి చెప్పేది కాదు.
లాకుల దాకా ముందే తొక్కాను.
ఆయనకెంత గాలి తగ్గిందో తెలీదు.
ఒక బిందె వెడల్పు, బహుశా.

టీ దగ్గర పేరడిగితే వీర్రాఘవులన్నాడు.
బేరం ఆడకుండా నీలం బిందొకటి కొన్నాను.
సీటు వెనక చున్నీతో కట్టాడు,
ముడి బిగిస్తూ "ఇప్పుడు సరే" అన్నాడు.

ఒక్కటంటే ఒక్క బిందె!
నోరు తెరుచుకుని గాలినంతా తాగి
ఇంటి దాకా నన్ను వెనక్కి లాగుతూ, హోరుమంటూ.
అలాంటివి అరవై, మనసులోనే లెక్కేసి
మధ్యలో వదిలేశాను.

మార్కెట్టు మలుపులో మూడో కుక్క
తయారుగా నిలబడి ఉంది.
ఈసారి దిగలేదు.
అది నన్ను వదిలేసి
బిందెని మొరిగింది.