ఎడమ పక్క తలుపు

రాగి రేకు మీద మా వీధిని గీసేటప్పుడు
కుడిని ఎడమగా, ఎడమను కుడిగా గీయాలి.
కాగితం మీదికి దిగేసరికి
ఊరు తనంతట తాను సర్దుకుంటుంది.
ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని.
అయినా ఈ వారం మరిచిపోయాను.

గ్యుమ్రీలో ఇళ్లు నల్లవి.
కాలి నల్లబడినవి కావు, పుట్టుకతోనే నలుపు.
ఎప్పుడో కొండ కక్కిన బూడిద గట్టిపడి రాయైంది.
మధ్యలో ఒక్కో వరస ఎర్రరాయి,
కాటుక కంట్లో జీర తేలినట్టు.

మా తాత సెద్రాక్ రాళ్లు చెక్కేవాడు.
సుత్తితో రెండుసార్లు తట్టి చెవి ఒగ్గేవాడు.
"ఇది పలుకుతోంది, వీధి వైపు పెట్టండి.
ఇది మూగది, గోడ లోపలికి తొయ్యండి."
మనుషుల్నీ అలాగే తట్టి చూసేవాడట.
నన్ను తట్టి ఏమన్నాడో
అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఊరికి పేర్లు మారాయి.
ఒక మహారాణి పేరు, ఒక విప్లవ నాయకుడి పేరు,
ఆఖరికి తిరిగి తిరిగి పాత పేరే, కాస్త కొత్త పలుకుబడితో.
నాయనమ్మ మాత్రం
ఏ ప్రభుత్వంలోనైనా సంచీ చంకన పెట్టుకుని
"ఊళ్లోకి వెళ్లొస్తా" అనేది, అంతే.

డిసెంబరు. నాకు తొమ్మిదేళ్లు. లెక్కల క్లాసు.
పదకొండూ నలభై ఒకటి.
ఇంతకంటే రాయను.
ఒక్కటి చెప్తాను:
తాత మూగదని లోపల వేయించిన రాయి
వీధిలోకి వచ్చి పడింది.
దాన్ని అప్పుడే చూశాను, మొదటిసారి.
ఎర్రగా, ఎంత అందంగా ఉందో.

తర్వాత పదిహేడేళ్లు ఇనప డబ్బాలో కాపురం.
రైలు పెట్టెకి చక్రాలు పీకేస్తే ఎలా ఉంటుందో అలా.
తాత్కాలికం అన్నారు.
తాత్కాలికం అనే మాటకి మా ఊళ్లో
పళ్లొచ్చాయి, ఊడాయి కూడా.
ఆ డబ్బాలోనే ఇప్పుడు నా అచ్చుయంత్రం,
ఆమ్లం తొట్టి, సిరా గుడ్డలు,
తమ్ముడికి నీళ్లు పోసిన బేసిన్లో నానుతున్న కాగితాలు.
కొత్త ఫ్లాటు ఇచ్చారు. నిద్ర అక్కడ.
బొమ్మ మాత్రం ఇక్కడే పడుతుంది.

హోటలు కట్టిస్తున్నాయన వచ్చాడు.
"పాత ఊరి బొమ్మలు పన్నెండు కావాలి, గదికొకటి.
పగుళ్లు వద్దు. కుక్కలుంటే పర్లేదు."
అతని హోటలు ముఖమూ నల్లరాయే,
రొట్టె ముక్కంత మందం, సిమెంటుకి అతికించింది.
వెళ్లి తట్టి చూశాను.
ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినట్టుంది.
అడ్వాన్సు తీసుకున్నాను.
రాగి ఊరికే రాదు.

ఆ తొందరలోనే
వీధిని ఉన్నదున్నట్టు గీసేశాను.
అచ్చులో తిరగబడింది.
చింపబోతుంటే మంగలి మిసాక్ వచ్చాడు కాఫీకి.
ఎనభై మూడేళ్లు.
నుదుటి మీది కళ్లద్దాలు దింపి
వేలితో వీధంతా నడిచాడు.
"నా తలుపు ఎడమ పక్కన ఉండేది కదే."
"తప్పు నాదే, తిరగేయడం మరిచాను."
వేలు అక్కణ్ణుంచి తీయలేదు. సిరా ఇంకా పచ్చిగా ఉంది.
"అయితే ఈ ఊళ్లో
రొట్టెల కొట్టు వార్తెవానే నాకు బాకీ," అన్నాడు.
"ఈ ఊళ్లో నాకు జుట్టుంది.
మా ఆవిడ నా మాట వింటుంది."
నవ్వాం. కాఫీ పొంగి పొయ్యి మీద పోయింది.

గోపురం గడియారానికి నేను అంకెలు వేయలేదు,
రెండు ముళ్లే.
అతను అక్కడ ఆగాడు.
అద్దంలో పదకొండూ నలభై ఒకటి
పన్నెండూ పంతొమ్మిది అవుతుంది.
చాలాసేపు చూసి, మెల్లగా,
"పన్నెండుంపావు దాటింది," అన్నాడు,
"పిల్లలు ఈపాటికి
భోజనానికి బయటికి వచ్చేసి ఉంటారు."

కాఫీ మళ్లీ పెట్టాను.
అతను వెళ్లాక చూస్తే తలుపు మీద వేలిముద్ర,
గీతలన్నీ స్పష్టంగా.
హోటలాయనకి పదకొండే ఇస్తాను.
పన్నెండో గదికి కుక్క బొమ్మ.